ఇసుకలో మల్లన్న

రాధమ్మ మంజీర రేవుకు చేరేసరికి ఇంకా సరిగా వెలుగు రాలేదు. అయినా ఆమెకు ఇసుకలో కాలు పెట్టే జాగా లేదు. ముందురోజు మాఘ అమావాస్య జాతరలో మనుషులు ఎక్కడెక్కడ కూర్చున్నారో అక్కడల్లా ఇప్పుడు గంపలు బోర్లించి ఉన్నాయి. వెదురు గంపలు, పేడ తట్టలు, సిమెంటు మోసే ఇనుప తట్టలు, ఒకచోట ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో తెలియని నీలం డ్రమ్ము సగం ముక్క. ప్రతి గంప చుట్టూ కట్టెతో గీసిన గీత ఉంది. గీత లోపల ఒక కుటుంబం కూర్చుని ఇసుక జల్లిస్తోంది.

ఆ గీతల సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసినదే. జాతర మరునాడు ఎవరు ముందు వచ్చి గంప బోర్లిస్తే, ఆ గీత లోపలి ఇసుక పొద్దు నడినెత్తికి వచ్చేదాకా వాళ్ళది. అందులో చిల్లర దొరికినా, ముక్కుపుల్ల దొరికినా వాళ్ళదే. పారేసుకున్నవాళ్ళు వచ్చి నెత్తీ నోరూ కొట్టుకున్నా గీత దాటి చేయి పెట్టకూడదు. పొద్దు వాలిన తరువాత గీతలన్నీ చెల్లవు, ఎవరైనా ఎక్కడైనా తవ్వుకోవచ్చు. కాని అప్పటికి ఇసుకలో మిగిలేది ఇసుకే.

ఇంత తెలిసి ఉండీ ఆలస్యమైనందుకు రాధమ్మకు తన మీద ఎంత కోపం వచ్చిందో, వెనకాలే భుజాన యంత్రం వేసుకుని వస్తున్న మరిది మీద అంతకు రెండింతలు వచ్చింది.

"బ్యాటరీలు బ్యాటరీలు అని ఇస్నాపూర్ల గంటసేపు ఆపితివి," అంది. "సూడు. నేను కూసున్న జాగల ఎవలో కూసున్నరు."

"బ్యాటరీలు లేకుంటే ఇది ఉత్త కట్టె, వదినా," అన్నాడు వెంకటేశం.

"ఉన్నంక ఏమైతదో సూస్తం."

అసలు ఆమె ఈ పొద్దున ఈ ఇసుకలో ఎందుకు నిలబడవలసి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆమె అత్తగారిది ఇంద్రేశం. ఇంటి దేవుళ్ళు ఐదుగురు: గుర్రం మీద మల్లన్న, ఆయన ఇద్దరు భార్యలు మేడలమ్మ, కేతమ్మ, వాళ్ళతోపాటు ఎల్లమ్మ, నరసింహుడు. అందరూ వెండివాళ్ళు, బొటనవేలంత ఉంటారు, ఒక చిన్న కొయ్యపెట్టెలో కాపురం. అత్తగారు నర్సింహమ్మ పోతూ పోతూ ఆ పెట్టె ఒక ఏడాది పెద్దకోడలి ఇంట్లో, ఒక ఏడాది నడిపి కోడలి ఇంట్లో ఉండాలని చెప్పి పోయింది. పెద్దకోడలు కౌసల్యమ్మకు ఆ మాట మింగుడు పడలేదు. నడిపి కొడుకు, అంటే రాధమ్మ మొగుడు యాదన్న పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పనిలో చేరి, ఫ్యాక్టరీ దగ్గరే కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. కిరాయి ఇంట్లో దేవుళ్ళు నిలుస్తారా, ఓనర్ పొమ్మంటే పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్ల మీద తిరుగుతారా అని ఆమె వాదన. అయినా చనిపోయిన మనిషి మాటను కాదనలేక, నిరుడు పెట్టెను మొట్టమొదటిసారి రాధమ్మ ఇంటికి పంపింది. పంపుతూ, "ఏమన్న తక్కువైతే మళ్ళ మీ గడప తొక్కరు," అని అందరి ముందూ చెప్పింది. వచ్చే ఆదివారం ఇంద్రేశంలో మల్లన్న పట్నం, అంటే రంగుల ముగ్గు వేసి ఇంటిదేవుళ్ళకు చేసే కొలుపు. మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారి ముందు దేవుళ్ళను ఒక్కొక్కరినే పిలిచి లెక్కపెట్టి, పెట్టెను కౌసల్యమ్మ చేతికి ఇవ్వాలి. ఒక్కరు తగ్గినా రాధమ్మ ఇంటికి ఇక వంతు లేదు.

పట్నానికి ముందు దేవుళ్ళకు గంగస్నానం చేయించాలి. అందుకే నిన్న రాధమ్మ మొగుడితో కలిసి రేవుకు వచ్చింది. ఆమెలాంటివాళ్ళు ఒడ్డు పొడుగునా కూర్చుని తమ తమ దేవుళ్ళను చింతపండుతో, సన్నటి ఇసుకతో తోముతున్నారు. తోమి, కడిగి, తడి ఇసుకలో తూర్పుముఖంగా నిలబెట్టి పసుపు కుంకుమ పెడతారు. రాధమ్మ కూడా అంతే చేసింది. కాని యాదన్నకు మధ్యాహ్నం షిఫ్టు ఉంది. టెంకాయ కొట్టిన దగ్గర నుంచి ఆయన "జల్దీ కానీ, ట్రాక్టర్ పోతాంది, జల్దీ," అంటూ నెత్తి మీద కూర్చున్నాడు. ఆ తొందరలో ఆమె దేవుళ్ళను గబగబా గుడ్డలో మూటగట్టింది.

లెక్క చూసుకోలేదా అని ఎవరైనా అడగవచ్చు. చూసుకోదు. ఆ ఇంట్లో దేవుళ్ళను లెక్కపెట్టకూడదు. లెక్కపెడితే తగ్గుతారని అత్తగారి మాట. లెక్క ఏడాదికి ఒక్కసారే, అదీ పట్నం నాడే. మిగతా రోజుల్లో మూటను పైనుంచి తడిమి సరిపెట్టుకోవాలి. రాధమ్మ తడిమింది. ఐదు గడ్డలు చేతికి తగిలాయి. సాయంత్రం ఇంట్లో మూట విప్పితే నలుగురు దేవుళ్ళు, ఒక నల్లటి రాయి కనిపించాయి. దేవుళ్ళు తప్పిపోకుండా పెట్టిన నియమం వల్లే దేవుడు తప్పిపోయాడు. కాని ఆ మాట బయటికి అంటే తప్పు నియమానిది కాదు, ఆమెదే అవుతుంది.

ఆ నల్లటి రాయి సంగతి వెంకటేశం చెప్పాడు. అతడు యాదన్న తమ్ముడు, ఇంకా పెళ్ళి కాలేదు, పటాన్‌చెరులోనే ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. రాయిని చేతిలో తిప్పి చూసి, "ఇది రాయి గాదు వదినా, స్లాగ్," అన్నాడు. కొలిమిలో ఇనుము కరిగించినప్పుడు పైకి తేలే చిట్టెం. రేవుకు లారీలు దిగే బాట వేసిన కాంట్రాక్టరు ఎర్రటి కంకరమట్టి, అదే మొరానికి బదులు ఈ చిట్టెం పోయించాడు. మొరం కొనాలి. చిట్టెమైతే, తీసుకుపోయి ఎక్కడైనా పారబోస్తే చాలునని ఫ్యాక్టరీవాళ్ళే ఎదురు డబ్బులిచ్చి పంపుతారు. రెండు వానాకాలాల్లో అది బాట నుంచి ఇసుకలోకి దిగింది.

చిట్టెం సంగతి అంత బాగా తెలిసినవాడు, ఆ చిట్టెం నిండిన ఇసుకలో తన యంత్రం ఏమవుతుందో ఆలోచించలేదు. అది చూసిన తరువాత రాధమ్మకు చదువుకున్నవాళ్ళ మీద నమ్మకం కొంత సడలింది.

యంత్రం అంటే పీవీసీ పైపు చివర ప్లైవుడ్ చక్రం, దాని చుట్టూ రాగితీగ, పైన ఒక పాత ట్రాన్సిస్టర్ డబ్బా. ఫ్యాక్టరీలో గడ్డి కింద పూడిపోయిన పైపులను వెదకడానికి అతడే తయారు చేశాడు. కింద లోహం ఉంటే డబ్బా కుయ్యిమంటుంది. చెవిలో పెట్టుకునే వైరు పని చేయదు కాబట్టి ఆ కూత ఒడ్డంతా వినిపిస్తుంది.

రాధమ్మ కూర్చున్న జాగాలో గంప బోర్లించినవాడు చిట్కుల్ పోచయ్య. పెండ్లాన్ని జల్లెడ దగ్గర కూర్చోబెట్టి, తాను గీత మీద కాపలా ఉన్నాడు.

"అన్నా, గీడ మా దేవుడు పడ్డడు. జెర సూడనియ్యి," అంది రాధమ్మ.

"పడ్డోళ్ళు మస్తుమంది ఉన్నరు. పొద్దు తిరిగినంక రా చెల్లె."

"అప్పటికి నువ్వు జల్లెడ పట్టి కాశీనాథ్‌కు అమ్ముతవ్."

కాశీనాథ్ సంగారెడ్డి బజారులో వెండి వ్యాపారి. జాతర మరునాడు నల్లగొడుగు కింద చిన్న త్రాసు పెట్టుకుని కూర్చుంటాడు. ఇసుకలో దొరికినదేదైనా అక్కడే తూచి కొనేస్తాడు. గొడుగు అప్పటికే విచ్చుకుంది.

"దేవుడు దొరికితే అమ్ముతనా," అన్నాడు పోచయ్య నొచ్చుకున్నట్టు. "నాకు పిల్లలు లేరా."

మధ్యవర్తిగా అంజన్న వచ్చాడు. అతడు జనాన్ని నది దాటించే పుట్టి నడిపే మనిషి. గీతల తగాదాలు వస్తే అతడి మాటే చెల్లుతుంది. అంతా విని, యంత్రాన్ని ఒకసారి కాలి బొటనవేలితో తట్టి చూసి తీర్పు చెప్పాడు. యంత్రం గీత లోపలికి రావచ్చు. తవ్వేది మాత్రం గంపవాళ్ళే. దేవుడు దొరికితే ఎవరి దేవుడో వాళ్ళకు, వేరే ఏది దొరికినా గంపవాళ్ళకు.

తీర్పు న్యాయంగానే ఉంది. వెంకటేశం గీత దాటి చక్రాన్ని ఇసుక మీద ఆనించాడు. డబ్బా కుయ్యిమంది. పోచయ్య పెండ్లాం తవ్వింది, సోడా సీసా మూత వచ్చింది. ఇంకో అడుగు వేశాడు. కుయ్యిమంది. చిట్టెం ముక్క. ఇటు తిప్పాడు, కుయ్యిమంది. అటు తిప్పాడు, కుయ్యిమంది. పైకెత్తి పట్టుకుంటే ఊరుకుంది, దించితే మళ్ళీ మొదలుపెట్టింది. కొత్తచోటికి తెచ్చిన పసిపిల్లలా ఎక్కడ పడుకోబెట్టినా ఏడుపే.

"ఏందిరా అది, అంతటా ఒర్రుతాంది," అంది రాధమ్మ.

"అంతట ఇనుము ఉన్నది వదినా. అది నిజమే చెప్తాంది."

"నాకు నిజం వద్దు. మల్లన్న గావాలె."

"వెండికి ఇనుముకు కూత జెర తేడా ఉంటది. నేను చెవి పెట్టి ఇంటే తెలుస్తది. అందరు సప్పుడు జెయ్యకుండ ఉంటే."

సప్పుడు చేయకుండా ఉండే అవకాశం అప్పటికే దాటిపోయింది. ఒడ్డు మీద యంత్రం వచ్చిందన్న మాట గంప నుంచి గంపకు పాకింది. ఇసుక కింద ఏముందో పైనుంచే చెప్పే యంత్రమట, ఫ్యాక్టరీ నుంచి ఆఫీసర్లు పంపారట, దొరికిన బంగారమంతా గవర్నమెంటుకట. పక్క గీతవాళ్ళు లేచి వచ్చి, పోచయ్య గీతలోకి యంత్రం ఎందుకు ముందు వెళ్ళిందని అడిగారు. నీలం డ్రమ్ముముక్క కుటుంబం తమ గీతలోకి కూడా రావాలని పట్టుబట్టింది.

"మా గడ్డ మీదికెళ్ళి నడిచి పోయిన్రు గదా," అన్నాడు ఆ డ్రమ్ము యజమాని. "నడిస్తే ఇసుక కిందికి దిగుతది. మాకు నుక్సాన్ గాదా. మా జాగల గూడ తిప్పుర్రి, సరిపోతది."

అంజన్న గడ్డం గోక్కుని, ఇందులోనూ న్యాయం ఉందన్నాడు. ఆ ఒడ్డు మీద న్యాయానికి కొదువ లేదు, వెసులుబాటుకే కొదువ. యంత్రం ఒక్కొక్క గీతలో కొంతసేపు తిరగాలని, ఆ తరువాతే మళ్ళీ పోచయ్య గీతలోకి రావాలని తేలింది. రాధమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. దేవుడు ఇక్కడ పోయాడు, యంత్రం ఊరంతా తిరుగుతోంది. ఇల్లు కాలుతుంటే బిందె పట్టుకుని బంధువులందరినీ పలకరించి వచ్చినట్టు ఉంది.

పోనీ యంత్రం కూతకు తేడా తెలుస్తుందా అంటే, వెంకటేశం చెవి ఆనించగానే చుట్టూ ఉన్నవాళ్ళు అతడి ముఖంలోకి చూడసాగారు. అతడు కళ్ళు మూసుకుంటే వెండి అనుకున్నారు. కనుబొమ్మ ఎగరేస్తే బంగారం అనుకున్నారు. ఒకసారి తుమ్ము వచ్చి ముఖం చిట్లించాడు. వెంటనే గీతలన్నీ మరిచిపోయి అందరూ ఒక్కచోట పడి తవ్వారు. అక్కడ సైకిలు బెల్లు మూత దొరికింది. దాని కోసం ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు.

"నువ్వు తుమ్మకు," అంది రాధమ్మ.

"తుమ్ము వస్తే ఏం జెయ్యాలె వదినా."

"మింగు."

ఎండ ఎక్కుతున్న కొద్దీ జనం పెరిగారు. కొత్తగా వచ్చినవాళ్ళకు జల్లెడలు లేవు, గంపలు లేవు. వాళ్ళు దేవుళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు. ఒడ్డు మీద దేవుణ్ణి వెదుకుతున్నారని తెలిసి, నిరుడు పోగొట్టుకున్నవాళ్ళు, ముందటేడు పోగొట్టుకున్నవాళ్ళు అంతా కదిలి వచ్చారు. అంతమంది ఇళ్ళలో దేవుళ్ళు తక్కువగా ఉన్నారని రాధమ్మకు అప్పటిదాకా తెలియదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు కాబట్టి తెలియదు. వాళ్ళలో సత్తెమ్మ అనే నడివయసు మనిషి రాధమ్మ పక్కన చతికిలబడింది. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి.

"మాది గూడ మల్లన్ననే," అంది. "నిరుడు గీ ఒడ్డునే పాయె. అప్పటిసంది మా ఇంట్ల పట్నం ఏస్తలేరు. మా మామ నాతోని మాట్లాడుతలేడు."

"ఏడాదిసందా."

"మాట్లాడకుంటే మంచిగనే ఉన్నది గని, పండుగ పూట పీడగ అనిపిస్తది."

రాధమ్మకు నవ్వు రాబోయి ఆగింది. ఏడాది తరువాత తానూ ఇలాగే ఎవరి పక్కనో కూర్చుని చెబుతుందేమో అనిపించింది.

యంత్రం తిరిగి తిరిగి పోచయ్య గీతలోకి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి దగ్గర పడింది, బ్యాటరీలు నీరసపడ్డాయి. విచిత్రమేమంటే బ్యాటరీలు తగ్గిన తరువాతే యంత్రానికి వివేకం వచ్చింది. చిన్న చిట్టేనికి కూయడం మానేసింది. పోచయ్య గంప పక్కన మాత్రం సన్నగా, ఆగకుండా కూసింది. పోచయ్య పెండ్లాం మోచేతి దాకా తవ్వి, చేయి బయటికి తీసి, ఇసుక రాల్చింది. ఆమె అరచేతిలో గుర్రం మీద మల్లన్న ఉన్నాడు.

వెండి నల్లబడి ఉంది. రాధమ్మ చేయి చాపేలోగా ఆరు చేతులు చాపుకున్నాయి.

"మాది," అన్నారు ఒకరు. "మాది, కత్తి సూడుర్రి," అన్నారు మరొకరు. కత్తి అక్కడ ఉన్న మల్లన్నలందరికీ ఉంటుంది. ముఖం చూసి చెప్పమన్నాడు అంజన్న. అసలు చిక్కంతా ముఖం దగ్గరే వచ్చింది. ఏటేటా చింతపండుతో, ఇసుకతో తోమీ తోమీ, తాతల నాటి నుంచి భక్తితో రుద్దీ రుద్దీ, ఆ దేవుడికి కళ్ళూ ముక్కూ ఏవీ మిగలలేదు. ఆ ఒడ్డు మీద దేవుణ్ణి పోగొట్టుకున్న ఏ ఇంటివాళ్ళ దేవుడికీ మిగిలి ఉండవు. మెరిసే దేవుడు మాత్రమే శుభ్రమైన దేవుడని అందరూ నమ్మారు. ఫలితంగా ఎవరి దేవుడు ఎవరో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

కాశీనాథ్ గొడుగు కింద నుంచి లేచి వచ్చాడు. "తగువు ఎందుకమ్మా," అన్నాడు మర్యాదగా. "నేను తూచి కొంటా, అందరు సమానంగ పంచుకోండ్రి."

"నీ త్రాసుల మల్లన్నను పెడ్తవా," అంది సత్తెమ్మ. ఆయన మళ్ళీ గొడుగు కిందికి వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే, ఎవరు చెప్పారో ఏమో, బాట మీద ఆటో ఆగి అందులోంచి కౌసల్యమ్మ దిగింది. రాధమ్మ ప్రయత్నమంతా ఆమెకు తెలియకుండా దేవుణ్ణి వెదికి పెట్టెలో పెట్టాలనే. యంత్రం కూతకు ఆ గుట్టు ఇంద్రేశం దాకా వినిపించినట్టుంది. కౌసల్యమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చిట్టెం మీద అడుగులు వేస్తూ, ఎవరినీ పలకరించకుండా నేరుగా గుంపులోకి వచ్చింది. రాధమ్మ వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో ఆదివారం నాడు జరగవలసినదంతా జరిగిపోయింది.

"ఎవలింటి దేవుడు పోయిండు," అని అడిగింది అంజన్నను.

"ఇగో, గీమె," అన్నాడు అంజన్న. "ఇంద్రేశమట."

"ఇంద్రేశం అంటే మాదే." కౌసల్యమ్మ పోచయ్య పెండ్లాం చేతిలో నుంచి దేవుణ్ణి తీసుకుని, చీర కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసింది. "మా మల్లన్ననే," అంది అందరికీ వినిపించేలా. "ముప్పై ఏండ్లు తోమిన. నాకెర్కలేదా. మా ఇంటి దేవుళ్ళు యాడికి పోరు. ఇసుకల ఆడుకుంటాండు, దొరికిండు. పాండ్రి ఇగ."

ఆమె గొంతులోని నిబ్బరానికి ఆరు చేతులూ వెనక్కి తగ్గాయి. పెద్దింటి మనిషి, నలుగురిలో మాట చెల్లే మనిషి. అంజన్న తల ఊపాడు. కౌసల్యమ్మ దేవుణ్ణి రాధమ్మ చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, చెవి దగ్గరికి వంగి సన్నగా అంది. "మంది ముంగట మా ఇంటి దేవుడు పోయిండంటే ఇజ్జత్ ఉంటదా. మూటగట్టు. మిగిలింది ఇంట్ల మాట్లాడుకుందం."

రాధమ్మ పిడికిలి విప్పలేదు. విప్పనక్కర లేదు. ఆమె బొటనవేలు అలవాటుగా గుర్రం మెడ మీదికి వెళ్ళింది. తమ మల్లన్న గుర్రం మెడ దగ్గర, తోమేటప్పుడు వేలు ఆనే చోట, చిన్న గుంట పడి ఉంటుంది. నిన్న తోమినప్పుడు కూడా ఆ గుంటలోనే ఆమె వేలు కూర్చుంది. ఈ గుర్రానికి మెడ నిండుగా ఉంది, అరుగుదల వీపు మీద ఉంది. ఇది వేరే ఎవరో, వేరే విధంగా పట్టుకుని తోమిన దేవుడు.

ఏడాది తోమిన తనకు తెలిసింది ముప్పై ఏళ్ళు తోమిన కౌసల్యమ్మకు తెలియదా. తెలుసు. తెలిసే అంది. అయితే దీని పర్యవసానం ఏమిటో రాధమ్మకు ఒక్కొక్కటే కళ్ళకు కట్టింది. ఆదివారం పెట్టె నిండుగా చేతులు మారుతుంది. ఐదుగురూ లెక్కకు వస్తారు. వంతు పోదు. కాని ఆ ఐదో దేవుడు ఎవరో తెలిసినవాళ్ళు ఇద్దరే ఉంటారు, అందులో ఒకరు కౌసల్యమ్మ. ఇక ముందు పొలం పంపకంలో, పెళ్ళి పిలుపుల్లో, చివరికి కూరలో ఉప్పు విషయంలో కూడా తోటికోడలు కనుబొమ్మ ఎత్తితే తాను నోరు మూసుకోవాలి. ఆపైన, పరాయి ఇంటి దేవుడికి తమ ఇంటి పేరు చెప్పి పట్నం వేస్తే ఆయన ఎవరిని కాపాడతాడు. అసలు ఆయన ఎవరి ఇంటివాడు.

ఆమె పక్కకు తిరిగి పిడికిలి సత్తెమ్మ ముందు విప్పింది.

"పట్టుకో," అంది. "ఎట్ల తోముతవో పట్టుకో."

సత్తెమ్మ ఏమీ అర్థం కాకుండానే తీసుకుంది. తీసుకోగానే ఆమె దేవుణ్ణి తలకిందులు చేసి, గుర్రం కడుపు అరచేతిలో పెట్టుకుని, మణికట్టు ఒకసారి తిప్పింది. ఆమె చూపుడువేలు గుర్రం వీపు మీద, మల్లన్న తొడ పక్కన, తనంతట తాను వెళ్ళి కూర్చుంది.  చేయి చాపిన మిగతా ఐదుగురినీ కూడా దేవుణ్ణి పట్టుకుని చూపమన్నాడు అంజన్న. ఒకరి వేలు జారింది, ఒకరి వేలు కత్తి గుచ్చుకుని వెనక్కి వచ్చింది. ఆ తరువాత వాదించడానికి ఎవరూ మిగలలేదు.

"మాది గాదు," అంది రాధమ్మ అందరికీ వినిపించేలా. "మా మల్లన్న ఇంక దొరకలే."

సత్తెమ్మ దేవుణ్ణి కొంగులో ముడి వేసుకుంది. దండం పెట్టలేదు, ఏడవలేదు. "ఇగ మా మామ మళ్ళ మాట్లాడుతడు," అని మాత్రం ఒక నిట్టూర్పు విడిచి, బాట వైపు నడిచిపోయింది.

కౌసల్యమ్మ ముఖం ఎర్రబడింది. "నీకు బుద్ధి ఉన్నదా," అంది, ఇప్పుడు చెవిలో చెప్పవలసిన పని లేదు కాబట్టి మామూలు గొంతుతోనే. "నేను నిలబెట్టిన ఇజ్జత్ నువ్వు ఇసుకల కలిపినవ్. దొరికిన దేవుణ్ణి దానం జేస్తవా."

"మనది గాదక్కా."

"గాదని నాకెర్క లేదా."

చుట్టూ ఉన్నవాళ్ళు జల్లెడలు ఆపి వినసాగారు. అన్నమాట వెనక్కి రాదని కౌసల్యమ్మకు అప్పుడు తెలిసింది. అందరి ముందూ తమది అని చెప్పి, అందరి ముందూ తమది కాదని తనకు తెలుసునని కూడా చెప్పింది. ఆ రెండు మాటల మధ్య ఆమెకు నిలబడే జాగా లేదు. వెంకటేశం వైపు తిరిగింది. "నువ్వు, నీ డబ్బా. ఇంటి గుట్టును మైకు పెట్టి సెప్తివి."

"మైకు గాదు పెద్దొదినా, కాయిల్," అన్నాడతడు. ఇద్దరు వదినలూ ఒక్కసారే చూసేసరికి యంత్రాన్ని వెనక్కి దాచుకున్నాడు.

రాధమ్మ లోపల ఒక భారం దిగింది కాని, దాని చోట ఇంకొకటి కూర్చుంది. వంతు పోయినట్టే. ఎప్పటికైనా వినవలసిన మాట కదా, ఇక్కడే వింటే సరిపోతుందనుకుంది.

"ఆదివారం పెట్టె తెస్త అక్కా," అంది. "నలుగురే ఉంటరు. ఇగ నా వంతు నువ్వే ఉంచుకో."

 కౌసల్యమ్మ ముఖంలో ఆలోచన ఒక్కొక్క మెట్టూ దిగడం రాధమ్మకు కనిపించింది. నలుగురు దేవుళ్ళున్న పెట్టెను పూజారి ముందు చేతిలోకి తీసుకుంటే, ఆ క్షణం నుంచి తక్కువైన దేవుళ్ళు కౌసల్యమ్మ ఇంటి దేవుళ్ళు. వచ్చే ఏడు పట్నంలో లెక్కపెట్టేటప్పుడు నలుగురు అని చెప్పవలసినది కౌసల్యమ్మ. ఇంట్లో ఏ బర్రె చచ్చినా, ఏ బోరు ఎండినా ఊరివాళ్ళు వేలు చూపేది ఆ ఇంటి వైపే.

"నాకెందుకు," అంది చివరికి. "తక్కువైన పెట్టె నేను పట్టుకోను. పోగొట్టింది నువ్వు. దొరికేదాక నీకాడనే పెట్టుకో."

"పట్నమో."

"పూజారికి నేను సెప్త. ఐదుగురు అయినంకనే పట్నం. అప్పటిదాక పెట్టె మీ కిరాయి ఇంట్లనే ఉంటది."

  కిరాయి ఇంట్లో దేవుళ్ళు నిలవరన్న మనిషే, ఇప్పుడు వాళ్ళను ఎప్పటిదాకానో తెలియకుండా ఆ కిరాయి ఇంట్లోనే నిలబెట్టింది. వంతు నిలిచినందుకు సంతోషించాలో, ఎప్పటికీ చేతులు మారని పెట్టెకు రోజూ దీపం పెట్టవలసి వచ్చినందుకు తల పట్టుకోవాలో రాధమ్మకు తెలియలేదు. సంతోషం కూడా తోటికోడలి చేతి మీదుగా వస్తే ఇలాగే చిరాకు కలిపి వస్తుందేమో.

పొద్దు నడినెత్తి దాటింది. అంజన్న చేయి ఎత్తగానే గంపలన్నీ లేచాయి, గీతలు చెరిగిపోయాయి. జనం ఎటు పడితే అటు తవ్వడం మొదలుపెట్టారు. పోచయ్య తన జల్లెడను ఇసుక మీద వదిలి, మర్యాదగా, "వాడుకో చెల్లె," అని పెండ్లాంతో కలిసి కాశీనాథ్ గొడుగు వైపు వెళ్ళాడు.

రాధమ్మ మోకాళ్ళ మీద కూర్చుని జల్లెడలోకి ఇసుక ఎత్తింది. కౌసల్యమ్మ కాసేపు పక్కన నిలబడి చూసింది. ఆటో పంపేసినందున ఆమెకు వెళ్ళే మార్గం లేదు. తరువాత కుచ్చిళ్ళు బిగించి, మూలుగుతూ ఎదురుగా కూర్చుంది.

"గట్ల గాదు," అంది. "జల్లెడ గట్ల పట్టుకుంటే సన్నది పోతది. ఇటియ్యి."

రాధమ్మ జల్లెడ ఇవ్వలేదు. ఇంకో అంచు మాత్రం ఆమె వైపు తిప్పింది.